దీనికి కూడా మాస్టర్సా?

మనవాళ్ళకి మాస్టర్స్ అంటే ఎమ్మెస్, ఎమ్మెస్ అంటే కంప్యూటర్స్. మహా అయితే డేటా సైన్సో, సప్లై చెయినో. మా టీములో ఒకాయన "మా ఆవిడ స్పెషల్ ఎడ్యుకేషన్లో మాస్టర్స్ చేస్తోంది" అన్నప్పుడు లంచ్ టేబుల్ దగ్గర ఓ అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, పాపం మంచి మనసుతోనే, "దానికి మాస్టర్స్ దేనికండీ? ఓపిక, కాస్త జాలి ఉంటే సరిపోదూ?" అన్నాడు.

ఈ మాట ఆయనొక్కడే అన్నది కాదు. ఈ చదువు పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. కాకపోతే ఈ డిగ్రీ వెనకాల ఉన్న కథ మన ఇండస్ట్రీ కథలకి ఏమాత్రం తీసిపోదు. టెలిఫోను కనిపెట్టిన పెద్దమనిషి ఉన్నాడు, రహస్య కెమెరా ఉంది, అర్ధరాత్రి బాత్రూం గుమ్మంలో పాఠాలున్నాయి, సొంత కొలువునే తప్పుపట్టిన ప్రొఫెసర్లున్నారు. మన సికింద్రాబాదూ ఉంది. అందుకే ఈ సోది మొదలెట్టాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

మరీ పాత సంగతులు గబగబా కానిచ్చేద్దాం. 1800 సంవత్సరంలో ఫ్రాన్సులో అవేరాన్ అనే చోట అడవిలో తిరుగుతున్న ఓ పిల్లాడు దొరికాడు. మాటల్లేవు. ఇటార్ అనే కుర్ర డాక్టరు వాడికి విక్టర్ అని పేరుపెట్టి, సుమారు అయిదేళ్ళు కూర్చోబెట్టి నేర్పాడు. మాటలు పెద్దగా రాలేదు గానీ, ఎలా నేర్పాడో ఇటార్ రాసిపెట్టిన కాగితాలు మిగిలాయి. ఆయన శిష్యుడు సెగాన్ వాటిని ఓ పద్ధతిగా తీర్చిదిద్ది, 1850 ప్రాంతంలో అమెరికా చేరాడు. ఇటలీలో మరియా మాంటిస్సోరి ఈ ఇద్దరి రాతలూ చదివి, 1900లో రోమ్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల పంతుళ్ళకి తర్ఫీదిచ్చే బడిలో పనిచేసింది. అక్కడ పనికొచ్చిన పరికరాలనే తర్వాత మామూలు పిల్లల దగ్గరికి తీసుకెళ్ళింది. 1939లో ఆవిడ మద్రాసు అడయారు వచ్చి సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చింది. మన ఊళ్ళల్లో వీధికొకటి చొప్పున కనబడే "ఫలానా మాంటిస్సోరి స్కూల్" బోర్డులున్నాయే, ఆ పేరు అసలు మొదలైంది ఏ బడీ చేర్చుకోని పిల్లల దగ్గర. ఆ బళ్ళలో చాలావాటికి ఇప్పుడు అలాంటి పిల్లాడిని తీసుకెళ్తే సీట్లు నిండిపోయాయంటారు, అది వేరే సంగతి.

సరే, అసలు విషయానికొద్దాం. డిగ్రీ సంగతి.

వాషింగ్టన్‌లో బధిరుల కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం ఇస్తూ 1864 ఏప్రిల్లో లింకన్ సంతకం పెట్టాడు. అంతర్యుద్ధం జరుగుతుండగా ఆ కాగితం ఆయన ముందుకెలా వచ్చిందో గానీ, పెట్టాడు. దానికి అధ్యక్షుడు ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్. ఈయన తల్లి సోఫియా పుట్టు చెవుడు. అంటే ఈయనకి సైగల భాష అక్షరాలా మాతృభాషే. ఇప్పుడు ఆ కాలేజీయే గాలడెట్ యూనివర్సిటీ.

అవతలి వైపు అలెగ్జాండర్ గ్రాహం బెల్. మనం ఈయన్ని ఫోను మనిషిగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆయన వృత్తి చెవిటి పిల్లలకి మాట్లాడటం నేర్పడం. 1872లో బోస్టన్‌లో ఆ పంతుళ్ళకి తర్ఫీదిచ్చే బడి పెట్టాడు. టెలిఫోను పేటెంటు 1876లో, అంటే పంతులుగిరీ తర్వాతే. ఈయన తల్లికీ వినబడదు, భార్య మేబెల్‌కీ వినబడదు.

చూశారా, ఇద్దరి ఇళ్ళల్లోనూ ఒకే పరిస్థితి. ఇద్దరూ చేరిన గట్లు మాత్రం పూర్తిగా వేరు. పిల్లలకి సైగలు కావాలి, కుదిరినవాళ్ళకి మాటలూ నేర్పాలి అని గాలడెట్. సైగలు మానేసి పెదాల కదలిక చదవడం, నోటితో పలకడం మాత్రమే నేర్పాలి అని బెల్. 1880లో ఇటలీలోని మిలాన్‌లో పంతుళ్ళ మహాసభ జరిగితే అక్కడ నోటిమాట పద్ధతే నెగ్గింది. ఓటేసినవాళ్ళలో దాదాపు అందరూ చెవులు వినబడేవాళ్ళే! యూజర్లని పిలవకుండా రిక్వైర్‌మెంట్స్ మీటింగు పెట్టడం మనమే కనిపెట్టామనుకుంటాం గానీ, కాదు.

బెల్ ఇంకో మెట్టెక్కాడు. చెవిటివాళ్ళు చెవిటివాళ్ళనే పెళ్ళి చేసుకుంటూ పోతే మనుషుల్లో ఓ చెవిటి జాతే తయారవుతుందని 1883లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ముందు ఓ పెద్ద పేపరు చదివాడు. దానికి ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి: చెవిటి బళ్ళల్లో చెవిటి పంతుళ్ళు ఎక్కువగా ఉండటం.

ఇప్పుడు 1891కి రండి. గాలడెట్ తన కాలేజీలో పంతుళ్ళని తయారుచేసే విభాగం పెడతానని కాంగ్రెస్‌ని డబ్బడిగాడు. డిగ్రీ అయినవాళ్ళు చేరే పైచదువన్నమాట. ఆ రోజుల్లో టీచర్ ట్రైనింగుకి "నార్మల్" అని పేరు, అందుకని ఇది నార్మల్ డిపార్ట్‌మెంట్. బెల్ స్వయంగా వెళ్ళి కమిటీ ముందు అడ్డుపడ్డాడు. ఈ విభాగం పెడితే అందులోంచి చెవిటి పంతుళ్ళు బయటికొస్తారు, అది మంచిది కాదు అని ఆయన వాదన. దానికి గాలడెట్ ఏమన్నాడో తెలుసా? మేం వినబడేవాళ్ళనే చేర్చుకుంటాం, మీరు కంగారుపడకండి అన్నాడు!

విభాగం ఆ ఏడాదే మొదలైంది. అమెరికాలో ప్రత్యేక విద్యకి సంబంధించిన మాస్టర్స్ చదువుల్లో బాగా పాతది ఇదే అనుకోవచ్చు. హార్వర్డ్‌లో చదువుకున్న పెర్సివల్ హాల్ 1893లో ఇక్కడ ఎమ్మే తీసుకుని, 1910లో కాలేజీకి రెండో అధ్యక్షుడయ్యాడు. ఒకే ఆవరణలో బీయే చదివిన చెవిటి విద్యార్థి మాత్రం పక్క బిల్డింగులో ఎమ్మేకి అర్హుడు కాదు. ఎవరికోసం పెట్టిన చదువో వాళ్ళకే తలుపు మూసేశారు. ఆ తలుపు తెరుచుకోడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. దేశం మొత్తం మీద లెక్క చూసినా అంతే. 1870 ప్రాంతంలో బధిరుల బళ్ళల్లో నూటికి సుమారు 40 మంది పంతుళ్ళు బధిరులే, మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ సంఖ్య 15కి పడిపోయింది. గాలడెట్‌కి వినబడని అధ్యక్షుడు మొదటిసారి వచ్చింది 1988 మార్చిలో, అదీ విద్యార్థులు గేట్లు మూసేసి వారంపాటు ఉద్యమం చేస్తే.

నా మటుకు నాకు బెల్ కంటే గాలడెట్ మీదే ఎక్కువ కోపం. బెల్ తను నమ్మింది చెప్పాడు. గాలడెట్‌కి తెలుసు, అయినా ఫండింగ్ కోసం స్కోపు తగ్గించుకున్నాడు.

ఇక్కడ మన దేశానికి ఓ చిన్న లింకుంది. కలకత్తాలో 1893లో బధిరుల బడి పెట్టినవాళ్ళలో జామినీనాథ్ బెనర్జీ అని ఒకాయన. నేర్పడం నేర్చుకోవాలని ముందు ఇంగ్లండు, అక్కణ్ణించి వాషింగ్టన్ వెళ్ళి ఇదే గాలడెట్ నార్మల్ క్లాసులో చదువుకుని, 1896 ప్రాంతంలో తిరిగొచ్చి కలకత్తా బడి నడిపాడు. స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం అమెరికా వెళ్ళడం ఈ హెచ్-ఫోర్ వీసాల కాలపు వింత అనుకునేవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది. అప్పటికి మన దగ్గర ఎవరికీ ఎమ్మెస్ అనే మాటే తెలిసుండదు.

బధిరుల కథ ఇలా నడుస్తుంటే, మామూలు ప్రభుత్వ బళ్ళల్లో ఇంకో కథ మొదలైంది. న్యూయార్క్ దిగువ తూర్పు పేట, హెన్రీ స్ట్రీట్, ఒకటో నంబరు ప్రభుత్వ బడి. 1899లో ఎలిజబెత్ ఫారెల్ అనే టీచరు, ఏ క్లాసులోనూ ఇమడని మగపిల్లల్ని పోగేసి "అన్‌గ్రేడెడ్ క్లాస్" అని ఒకటి పెట్టింది. వలసొచ్చిన కుటుంబాల పేట అది. ఆ క్లాసులో నిజంగా బుద్ధి ఎదగనివాళ్ళున్నారు, భాష రానివాళ్ళున్నారు, ఆకలితో వచ్చేవాళ్ళున్నారు, ఒట్టి అల్లరివాళ్ళూ ఉన్నారు. మిగతా టీచర్లు వదిలించుకున్న సరుకంతా ఇక్కడికే. (ప్రతి కంపెనీలోనూ ఇలాంటి ఓ టీము ఉంటుంది, నేను పనిచేశాను కూడా.) ఆవిడ రంపం, చెక్క, రంగులు పెట్టి పాఠాలు చెప్పింది. తర్వాత ఊరంతటికీ అలాంటి క్లాసులకి ఇన్‌స్పెక్టరైంది. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో వేసవి కోర్సు చెబుతుండగా, 1922లో ఆవిడా ఆవిడ విద్యార్థులూ కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. ఈ రంగంలో ఇవాళ్టికీ పెద్ద వృత్తిసంఘం అయిన కౌన్సిల్ ఫర్ ఎక్సెప్షనల్ చిల్డ్రన్ అదే. అంటే ఈ వృత్తికి జెండా మొలిచింది ఓ పైచదువు క్లాసురూములో అన్నమాట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కాలంలోనే చీకటి కోణం కూడా ఉంది. న్యూజెర్సీ వైన్‌లాండ్ అనే చోట ఇలాంటి పిల్లల ఆశ్రమంలో టీచర్లకి వేసవి శిక్షణ ఉండేది. అక్కడి సైకాలజిస్టు హెన్రీ గాడర్డ్ 1908లో ఫ్రాన్సు నుంచి బినే పరీక్షని తెచ్చి ఇంగ్లీషులో పెట్టాడు. పిల్లలకి ఏ సాయం కావాలో తెలుసుకోడానికి బినే తయారుచేసిన పరీక్షని, వీళ్ళు మనుషులకి ముద్రలేయడానికి వాడారు. మనం ఇప్పుడు తిట్టుగా వాడే "మొరాన్" అనే మాట 1910లో గాడర్డ్ పుట్టించిన సాంకేతిక పదమే. టీచర్లు పిల్లలకి నేర్పడంతో పాటు పిల్లల్ని కొలవడం, గీత కింద పడ్డవాళ్ళని పక్కకి తోయడం కూడా ఇక్కడే నేర్చుకున్నారు. ఆ అలవాటు వదలడానికి అరవయ్యేళ్ళు పట్టింది, పూర్తిగా వదిలిందని నేననుకోను.

ఇంక నాకు బాగా నచ్చిన ఘట్టం. 1929, శామ్యూల్ కిర్క్ అనే కుర్రాడు షికాగో యూనివర్సిటీలో సైకాలజీలో పైచదువు చదువుతూ, ఖర్చులకి షికాగో దగ్గర ఓక్ ఫారెస్ట్ అనే చోట బాలుర హాస్టల్లో పనిచేసేవాడు. నేరాలు చేశారనీ, బుద్ధి తక్కువనీ రెండు ముద్రలున్న పిల్లలు వాళ్ళు. అందులో పదేళ్ళవాడొకడు తనకి చదవడం నేర్పమని అడిగాడు. పిల్లలంతా పడుకున్నాక, రాత్రి తొమ్మిదింటికి, హాలుకీ బాత్రూంకీ మధ్య గుమ్మంలో, అక్కడైతేనే దీపం వెలుగుంటుంది కాబట్టి, రోజూ పాఠం. ఎవరైనా వస్తే వాడు బాత్రూంకి వచ్చానని చెప్పొచ్చు. కొన్ని నెలలకి వాడు చదివేశాడు. ఫైలులో "వీడికి చదువు రాదు" అని రాసున్న పిల్లాడు!

కిర్క్ తర్వాత ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఈ రంగంలో పరిశోధన సంస్థకి పెద్దయ్యాడు, పాఠ్యపుస్తకాలు రాశాడు. 1963 ఏప్రిల్ 6న షికాగోలో తల్లిదండ్రుల సభలో "లెర్నింగ్ డిజెబిలిటీస్" అనే మాట వాళ్ళ ముందు పెట్టాడు. తెలివి బానే ఉంది, కానీ అక్షరాలు మాత్రం కుదురుగా నిలవవు, అలాంటి పిల్లలకి అప్పటిదాకా సరైన పేరే లేదు. మనవాళ్ళలో చాలామందికి ఈ విషయం 2007లో "తారే జమీన్ పర్" సినిమా చూశాకే తెలిసింది. మంచిదే, ఎప్పుడో ఒకప్పుడు తెలిసింది.

గమనించారో లేదో, ఇక్కడి నుంచి కథలోకి తల్లిదండ్రులొచ్చారు. అసలు మలుపు అదే. 1950లో మినియాపోలిస్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు దేశవ్యాప్త సంఘం పెట్టుకున్నారు. బళ్ళల్లో చేర్చుకోమంటే టీచర్లు లేరంటారు, టీచర్లేరీ అంటే తయారుచేసే ప్రొఫెసర్లు లేరంటారు. డిపెండెన్సీ మీద డిపెండెన్సీ. 1957లో రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేసేసరికి అమెరికా కంగారుపడి 1958 సెప్టెంబరు 2న సైన్సు, లెక్కల చదువులకి డబ్బు గుమ్మరించే చట్టం చేసింది. సరిగ్గా నాలుగు రోజులకి, సెప్టెంబరు 6న, ఐసెన్‌హోవర్ ఇంకో చిన్న చట్టం మీద సంతకం పెట్టాడు. పబ్లిక్ లా 85-926. ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా. దేనికంటే, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల టీచర్లని తయారుచేయగల వాళ్ళని యూనివర్సిటీల్లో తయారుచేయడానికి. పిల్లలకి నేరుగా కాదు, టీచర్లకీ కాదు, టీచర్ల టీచర్లకి! ట్రెయిన్ ద ట్రెయినర్ అని ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునేది ఇదే. ఇవాళ అమెరికాలో చాలా పెద్ద యూనివర్సిటీల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటు కనబడుతోందంటే ఆ డబ్బుకి అందులో పెద్ద వాటా ఉంది.

కెనడీ వచ్చాక ఇంకా ఊపొచ్చింది. ఆయన చెల్లెలు రోజ్‌మేరీకి బుద్ధిమాంద్యం. 1941లో తండ్రి చేయించిన మెదడు ఆపరేషన్ వికటించి ఆవిడ జీవితాంతం సంస్థల్లోనే ఉండిపోయింది. ఇంటి గుట్టుగా దాచిన ఆ విషయాన్ని ఇంకో చెల్లెలు యూనిస్ 1962లో ఓ పత్రికలో రాసి బయటపెట్టింది. (ఆపరేషన్ సంగతి మాత్రం అందులో లేదు.) 1963 అక్టోబరు 31న కెనడీ సంతకం చేసిన చట్టం, టీచర్ల శిక్షణ డబ్బుని అన్ని రకాల వైకల్యాలకీ విస్తరించింది. మూడు వారాల తర్వాత ఆయన్ని కాల్చేశారు.

కథ ఇక్కడితో సుఖాంతం అయ్యుంటే బావుండేది. ఆ డబ్బుతో పెరిగిన ప్రొఫెసర్లే తిరగబడ్డారు.

బర్టన్ బ్లాట్ అప్పట్లో బోస్టన్ యూనివర్సిటీలో స్పెషల్ ఎడ్యుకేషన్ ప్రొఫెసరు. 1965 క్రిస్మస్ రోజుల్లో ఫ్రెడ్ కాప్లాన్ అనే ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆశ్రమాలకి వెళ్ళాడు. కాప్లాన్ బెల్టుకి కెమెరా దాచిపెట్టాడు. బట్టల్లేని మనుషులు, ఖాళీ హాళ్ళు, తాళాలేసిన గదులు. 1966లో "క్రిస్మస్ ఇన్ పర్గేటరీ" అని పుస్తకం వేశారు. ఆ ఫొటోలు ఒకసారి చూస్తే మర్చిపోలేం, నేను చూడమని కూడా చెప్పను.

రెండోవాడు లాయిడ్ డన్. నాష్‌విల్‌లో పీబాడీ కాలేజీలో ఈ విభాగం నిలబెట్టినవాడు, వృత్తిసంఘానికి అధ్యక్షుడిగా చేసినవాడు. 1968లో సంఘం పత్రికలోనే ఓ వ్యాసం రాశాడు. సారాంశం ఏమిటంటే, స్వల్ప బుద్ధిమాంద్యం అని పేరుపెట్టి మనం విడిగా కూర్చోబెట్టిన పిల్లల్లో నూటికి 60 నుంచి 80 మంది నల్లవాళ్ళు, మెక్సికన్లు, రెడ్ ఇండియన్లు, ఇంకా పేద ఇళ్ళవాళ్ళు, మనం చేసినదానికి చాలావరకు సమర్థన లేదు, ఆపుదాం అని. ఇరవయ్యేళ్ళు తను కట్టిన సిస్టమ్ మీద తనే సీరియస్ బగ్ ఫైల్ చేశాడన్నమాట, అదీ సొంత పేరుతో. మన ఇండస్ట్రీలో ఆర్కిటెక్టులు ఈ పని చేయగా నేను చూడలేదు.

"దీనికి మాస్టర్స్ దేనికి" అన్న మా లంచ్ టేబుల్ పెద్దమనిషికి నేను చూపించాలనుకున్నది ఈ రెండు పేర్లూ. జాలితో నడిపినవే ఆ ఆశ్రమాలు. ఓపిగ్గా నడిపినవే ఆ విడి క్లాసులు. లోపల జరుగుతున్నది తప్పు అని సాక్ష్యాలతో, లెక్కలతో చెప్పింది ఈ చదువు చదివినవాళ్ళు. పెన్సిల్వేనియాలో తల్లిదండ్రుల సంఘం 1971లో రాష్ట్రం మీద కేసు వేసినప్పుడు కోర్టులో నిపుణులుగా నిలబడినవాళ్ళలో బ్లాట్ కూడా ఉన్నాడు. అయిదేళ్ళ మానసిక వయసు రాని పిల్లాడిని బడి చేర్చుకోనక్కర్లేదని ఆ రాష్ట్రంలో చట్టమే ఉండేది. ఏ పిల్లాడైనా నేర్చుకోగలడు అన్న సాక్ష్యం ముందు రాష్ట్రం రాజీకొచ్చేసింది. వాళ్ళ లాయరు టామ్ గిల్‌హూల్, ఆయన తమ్ముడికీ ఇదే ఇబ్బంది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1975 నవంబరు 29న జెరాల్డ్ ఫోర్డ్ పబ్లిక్ లా 94-142 మీద సంతకం పెట్టాడు, ఇది మా ఖజానా తాహతుకి మించిన మాట ఇవ్వడం అని సణుగుతూనే. దేశంలో 80 లక్షల మంది వైకల్యం ఉన్న పిల్లలుంటే అందులో 10 లక్షల మందికి అసలు బడే లేదని ఆ చట్టంలోనే రాసుంది. ప్రతి పిల్లాడికీ విడిగా ఓ ప్లాను, అదే ఐఈపీ. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళల్లో ఆ మీటింగులకి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు, బయటికి చెప్పరంతే. బల్లకి అటు ఆరేడుగురు, ఇటు మనమిద్దరం, మధ్యలో ఇరవై పేజీల కాగితాలు. ఫోర్డ్ సణుగుడులో నిజం లేకపోలేదు. ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం భరిస్తుందన్న మాట ఇప్పటిదాకా ఒక్క ఏడాది కూడా నిలబడలేదు.

చట్టం వచ్చింది, టీచర్లు చాలలేదు. ఆ కొరత ఇప్పటికీ తీరలేదు. అందుకే అక్కడ ఈ మాస్టర్స్ చదివేవాళ్ళల్లో చాలామంది పగలు క్లాసులో పనిచేస్తూ సాయంత్రాలు చదువుతారు. న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో మొదటి సర్టిఫికెట్ వచ్చాక అయిదేళ్ళలో మాస్టర్స్ పూర్తి చేయాల్సిందే. 2015లో హెచ్-ఫోర్ వాళ్ళల్లో కొందరికి పనిచేసే వీలు వచ్చాక, ఇక్కడ బీఎస్సీ బీఎడ్డో ఎమ్మెస్సీనో చేసి అక్కడ ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు కొంతమంది ముందు క్లాసులో హెల్పరుగా చేరి, తర్వాత ఈ డిగ్రీ వైపు వెళ్ళడం నాకు తెలిసిన ఇళ్ళల్లోనే చూశాను. ఇంట్లో అలాంటి పిల్లాడుండి వెళ్ళినవాళ్ళున్నారు, లేకుండా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. "కోడింగ్ నేర్చుకోవచ్చుగా" అనే సలహా మాత్రం అందరికీ ఫ్రీగా అందింది.

మరి మన దగ్గర? చెప్పుకోదగ్గ సంగతులే ఉన్నాయి. 1984లో కేంద్రప్రభుత్వం బుద్ధిమాంద్యం మీద జాతీయ సంస్థ పెట్టినప్పుడు ఢిల్లీలో కాదు, సికింద్రాబాదు బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో పెట్టింది. ఎన్.ఐ.ఎం.హెచ్. అని పాతవాళ్ళకి తెలుసు, ఇప్పుడు పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. హైటెక్ సిటీ పుట్టకముందే దేశం నలుమూలల నించీ ఈ చదువు కోసం జనం సికింద్రాబాదు రైలెక్కారు. 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం గుర్తింపు పొందిన చదువు, రిజిస్టర్లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! మన సిటీలో గల్లీకో థెరపీ సెంటర్ ఎందుకుందో ఇప్పుడర్థమైందిగా. పిల్లాణ్ణి పంపేముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే తప్పేం లేదు.

ఈ చదువులో ఏముంటుందని అడిగేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. ఆ సికింద్రాబాదు సంస్థే తయారుచేసిన ఎఫ్.ఏ.సి.పి. అనే చెక్‌లిస్టు ఒకటుంది. అన్నం తినడం, బట్టలేసుకోవడం, డబ్బులు గుర్తుపట్టడం, ఇలా చిన్నచిన్న పనులు వరసగా ఉంటాయి. ఒక్కోదానికీ టీచరు రాయాల్సింది ఒట్టి "వచ్చు, రాదు" కాదు. సొంతంగా చేస్తాడు, అప్పుడప్పుడు సైగ చేస్తే చేస్తాడు, నోటితో చెబితే చేస్తాడు, చేయిపట్టి చేయిస్తే చేస్తాడు. ఇంకోటి కూడా ఉంది: వాడికి ఆ పని చేసే అవకాశమే ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. నల్ వేరు, జీరో వేరు అని ఇంటర్వ్యూల్లో అడుగుతాం కదా, అదే. మా అబ్బాయికి రాదు అని తల్లి చెప్పిన చాలా పనులు చివరికి ఈ ఆఖరి గడిలోకే వచ్చి పడతాయి. అది గుర్తుపట్టడం, అక్కడి నుంచి పనిని పది ముక్కలు చేసి, ఏ ముక్క దగ్గర చెయ్యి వదలాలో తెలుసుకోవడం, దానికే ఆ ప్రాక్టికమ్‌లూ, ఆ సెమిస్టర్లూ.

చదువు ఉంది, చదివినవాళ్ళున్నారు. కొలువులు? మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసే ప్రత్యేక టీచర్లు ఏళ్ళతరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చారు. ఉత్తరప్రదేశ్ నించి కొందరు ప్రత్యేక టీచర్లు సుప్రీంకోర్టుకెక్కితే, 2021 అక్టోబరులో కోర్టు వీళ్ళకి శాశ్వత పోస్టులుండాలని చెప్పింది. 2022లో కేంద్రం లెక్క తేల్చింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకి ఒక టీచరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు. 2025 మార్చిలో కోర్టు మళ్ళీ అడగాల్సొచ్చింది, ఏ రాష్ట్రానికి ఎన్ని పోస్టులు కావాలో లెక్కలేసి నోటిఫై చేయండి, మూడు వారాల్లో, అని.